రెండు సీట్లు, ఒకే మెషీను: డెబియన్ హోస్ట్ మీద గ్రాఫిక్స్ కార్డుని విండోస్ గెస్ట్‌కి అప్పగించిన కేసు

విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక ప్రింటింగ్ షాపు కోసం చేసిన పని ఇది. అక్కడ రెండు రకాల పని నడుస్తుంది. ఒకవైపు శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పుస్తకాల డీటీపీ. ఇంకోవైపు పెళ్ళి వీడియోల ఎడిటింగ్, ఆల్బమ్ డిజైను. డీటీపీ అంతా ఒక పాత విండోస్ 7 పీసీ మీద, పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లతో సాగుతోంది. దాని హార్డ్‌డిస్కు శబ్దం చేయటం మొదలుపెట్టింది. మదర్‌బోర్డు పోతే అలాంటిది మళ్ళీ దొరకదు. ఎడిటింగ్ పీసీ కూడా పాతబడింది, అందులో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే బాగుంది. యజమాని తనకేం కావాలో ముందే తేల్చి చెప్పారు: "పాత మేటర్ ఒక్క ఫైలు కూడా పోకూడదండీ. కొనేది మాత్రం ఒక్క మెషీనే."

పాత మేటర్‌ని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చెయ్యొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల కోడ్ల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంటు ఉంటేనే ఆ ఫైలు తెలుగులో కనిపిస్తుంది. కన్వర్టర్లు ఉన్నాయి, పాఠం వరకు మారుస్తాయి. కానీ ఏళ్ళ తరబడి పేరుకున్న పేజీలన్నీ మార్చి, వత్తులు ఎక్కడ జారాయో, లైన్లు ఎక్కడ విరిగాయో మళ్ళీ ప్రూఫు చూడటం ఆ షాపుకి అయ్యే పని కాదు. కాబట్టి విండోస్ 7ని ఉన్నదున్నట్టు బతికించాలి. 2020 జనవరి 14తో దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి, అందుకని ఇంటర్నెట్ తగలని వర్చువల్ మెషీన్‌లో, అంటే అసలు మెషీను (హోస్ట్) లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో మెషీన్‌లో (గెస్ట్), పెట్టి బతికించాలి.

ఎడిటింగ్ సంగతి వేరు. దానికి అసలు కార్డే కావాలి, కార్డులో ఉన్న వీడియో ఎన్‌కోడర్ కావాలి. పైగా ఇద్దరు ఆపరేటర్లు పక్కపక్కన కూర్చుని ఒకే సమయంలో పని చేసుకోవాలి.

ఇలాంటి పని అనగానే వర్చువలైజేషనే కష్టమని చాలామంది అనుకుంటారు. వర్చువల్ మెషీన్లని నడిపే కేవీఎం 2007 ఫిబ్రవరిలో 2.6.20తో లైనక్స్ కెర్నెల్‌లోకి, అంటే ఆ సిస్టం మూలభాగంలోకి, వచ్చింది. ఇన్నేళ్ళలో బాగా గట్టిపడింది, అది మొరాయించటం నేను చూసింది తక్కువ. నేను చూసిన తిప్పలన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి: మెషీను ఆన్ చేశాక గ్రాఫిక్స్ కార్డుని ముందు ఎవరు ముట్టుకున్నారు? మెషీను లేవగానే నడిచే ఫర్మ్‌వేరా (బయాస్), హోస్ట్ కెర్నెల్ డ్రైవరా, గెస్టా? బూట్ మొదలు కాకముందే దీనికి జవాబు ఖాయంగా రాసిపెట్టి ఉంటే ఆ సిస్టం ఏళ్ళ తరబడి నడుస్తుంది. లేకపోతే ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు పనిచేయదు. ఈ కేసులో ఎక్కువ భాగం దాని గురించే.

మెషీను, వదిలేసిన దారులు

కొన్నది ఇంటెల్ కోర్ ఐ7-10700, 64 జీబీ మెమరీ. 8 కోర్లు, 16 థ్రెడ్లు, ప్రాసెసర్‌లోనే యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్. పాత ఎడిటింగ్ పీసీలోని ఎన్‌విడియా జీటీఎక్స్ 1660 సూపర్ కార్డుని ఇందులోకి మార్చారు. హోస్ట్‌కి డెబియన్ 12 (ఒక లైనక్స్ డిస్ట్రిబ్యూషన్), అంటే 6.1 కెర్నెల్. హోస్ట్ తెర ఇంటెల్ గ్రాఫిక్స్ మీద, ఎన్‌విడియా కార్డు పూర్తిగా ఎడిటింగ్ గెస్ట్‌కి. డీటీపీ ఆపరేటరు హోస్ట్ డెస్క్‌టాప్ దగ్గర కూర్చుని విండోస్ 7ని ఫుల్‌స్క్రీన్‌లో తెరుచుకుంటారు. ఎడిటరు ఎన్‌విడియా కార్డుకి తగిలించిన మానిటరు ముందు కూర్చుంటారు. ఆయనకి అది మామూలు విండోస్ పీసీలాగే ఉండాలి, వెనక లైనక్స్ ఉందని తెలియాల్సిన అవసరమే ఉండకూడదు.

కార్డుని ఒకరికే ఇవ్వకుండా పంచే మార్గాలు ఉన్నాయి. వర్చువల్ కార్డు అయిన వర్ట్‌ఐఓ జీపీయూ, దానికి 3డీ అందించే వర్‌జిల్ జోడీ లైనక్స్ గెస్టులకి బాగుంటుంది, విండోస్ గెస్ట్‌లో ఎడిటింగ్‌కి నమ్ముకోదగ్గ డ్రైవరు లేదు. ఎన్‌విడియా వీజీపీయూ డేటాసెంటర్ కార్డులకి, లైసెన్సుతో వచ్చేది, జీఫోర్స్‌కి అధికారికంగా లేదు. ఇంటెల్ జీవీటీ-జీతో ఈ తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌ని ముక్కలు చేసి పంచవచ్చు గానీ ఇక్కడ కావలసింది ఎన్‌విడియా ఎన్‌కోడరు. ఉన్న ఒక్క కార్డునే గెస్ట్ నడిచేటప్పుడు హోస్ట్ నుంచి ఊడదీసి, ఆగాక తిరిగి హోస్ట్‌కి ఇచ్చే పద్ధతి కూడా కొందరు వాడతారు. ఇద్దరు మనుషులు ఒకేసారి పనిచేయాల్సిన చోట అది కుదరనే కుదరదు. ఒక్కరే వాడే చోట కూడా నేను దాన్ని సిఫారసు చెయ్యను. డ్రైవరు కార్డుని వదిలి మళ్ళీ పట్టుకునే ప్రతిసారీ అది మొండికేసే అవకాశం ఉంటుంది.

లైనక్స్ వాడేవాళ్ళు కార్డు అనగానే ఏఎమ్‌డీ అంటారు, హోస్ట్ వరకు నాదీ అదే మాట. డ్రైవరు కెర్నెల్‌లోనే ఉంటుంది, అది ఓపెన్ సోర్స్. కానీ గెస్ట్‌కి అప్పగించే కార్డుని చూడాల్సిన కొలత వేరు. గెస్ట్ ఆగి మళ్ళీ మొదలైనప్పుడు కార్డు శుభ్రంగా రీసెట్ కావాలి. ఏఎమ్‌డీలో పొలారిస్, వేగా, నావీ 10 తరాల కార్డులు ఇక్కడే చిక్కు పెడతాయి: గెస్ట్ ఒకసారి ఆగిందంటే హోస్ట్‌ని రీబూట్ చేసేదాకా కార్డు మళ్ళీ లేవదు. దానికోసమే వెండర్-రీసెట్ అనే ప్రత్యేక మాడ్యూల్ (కెర్నెల్‌లోకి విడిగా ఎక్కించే ముక్క) పుట్టింది. షాపులో ఉన్న ట్యూరింగ్ తరం ఎన్‌విడియా కార్డుకి ఆ బాధ లేదు.

కార్డు ఎవరి చేతిలో ఉంది

మదర్‌బోర్డు స్లాట్ల దారిలో కలిసే పీసీఐ పరికరాలు ప్రాసెసర్‌తో పని లేకుండా నేరుగా మెమరీలో రాయగలవు. గెస్ట్ నడిపే కార్డు హోస్ట్ మెమరీలో ఎక్కడ పడితే అక్కడ రాయకుండా ఆపేది ఐఓఎంఎంయూ, ఇంటెల్‌లో దాని పేరు వీటీ-డీ. దాన్ని బయాస్‌లో ఆన్ చేసి, కెర్నెల్ పారామీటర్లలో కూడా స్పష్టంగా రాశాను. డిఫాల్ట్ ఏమిటన్నది డిస్ట్రిబ్యూషన్‌ని బట్టి మారుతుంది, దాని మీద ఆధారపడటం నాకిష్టం లేదు. కెర్నెల్ పరికరాలని ఐఓఎంఎంయూ గ్రూపులుగా విడదీస్తుంది. ఒకదానితో ఒకటి ఐఓఎంఎంయూని తప్పించుకుని మాట్లాడుకోగల పరికరాలన్నీ ఒకే గ్రూపులో పడతాయి. అప్పగిస్తే గ్రూపు మొత్తం అప్పగించాలి. 2012లో 3.6 కెర్నెల్‌తో వచ్చిన వీఎఫ్‌ఐఓ (పరికరాన్ని గెస్ట్‌కి అందించే కెర్నెల్ భాగం) ఈ నియమాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది, అలా పట్టుకోవటమే దాని విలువ.

ఈ మెషీన్‌లో ప్రాసెసర్‌కి నేరుగా కలిసే పెద్ద స్లాట్‌లో ఎన్‌విడియా కార్డు ఒక్కటే ఉంది. దాని గ్రూపులో కార్డు, ఆ స్లాట్ తాలూకు బ్రిడ్జి తప్ప ఇంకేమీ లేవు. బ్రిడ్జిని అప్పగించనక్కర్లేదు. గ్రూపులు కలగాపులగంగా ఉన్న బోర్డుల్లో ఏసీఎస్ ఓవర్‌రైడ్ అనే ప్యాచ్‌తో వాటిని బలవంతంగా విడగొడుతుంటారు. ఆ ప్యాచ్‌ని ప్రధాన కెర్నెల్‌లోకి తీసుకోలేదు. హార్డ్‌వేర్ ఇవ్వని రక్షణని ఉన్నట్టు చూపించటమే అది చేసే పని. డబ్బు తీసుకుని చేసే పనిలో నేను దాన్ని వాడను, స్లాటో బోర్డో మార్చమని చెబుతాను.

అసలు చిక్కు కార్డు లోపలే ఉంది. జీటీఎక్స్ 1660 సూపర్ చూడటానికి ఒక కార్డు, పీసీఐ దృష్టిలో నాలుగు పరికరాలు: గ్రాఫిక్స్, హెచ్‌డీఎంఐ ఆడియో, ఒక యూఎస్‌బీ కంట్రోలరు, యూఎస్‌బీ టైప్-సీని చూసుకునే చిన్న కంట్రోలరు. షాపు కార్డు వెనక యూఎస్‌బీ పోర్టు లేదు. అయినా ఆ రెండు ఫంక్షన్లూ చిప్‌లో ఉన్నాయి కాబట్టి లెక్కలోకి వస్తాయి. ఈ నాలుగింటికీ లైనక్స్‌లో నాలుగు వేర్వేరు డ్రైవర్లు ఎదురుచూస్తుంటాయి. గ్రాఫిక్స్‌కి నూవో, ఆడియోకి ఇంటెల్ హెచ్‌డీ ఆడియో డ్రైవరు, యూఎస్‌బీకి ఎక్స్‌హెచ్‌సీఐ, టైప్-సీ దానికి ఎన్‌విడియా ఐ2సీ డ్రైవరు. నాలుగూ ఒకే గ్రూపు. ఒక్కటి హోస్ట్ డ్రైవరు చేతిలో ఉండిపోయినా గెస్ట్ లేవదు.

నా దగ్గరికి వచ్చేసరికి ఈ సెటప్ సగం అయి ఉంది. వేరొకరు మొదలుపెట్టి వదిలేసిన పని అది. కార్డు తాలూకు గ్రాఫిక్స్, ఆడియో రెండింటినే గెస్ట్‌కి ఇచ్చి ఉన్నారు. ఎడిటర్ ఫిర్యాదు ఇది: "ఒక్కోరోజు పొద్దున్నే ఆన్ చెయ్యగానే వచ్చేస్తుంది సార్. ఒక్కోరోజు ఎంత చేసినా రాదు. రీబూట్ కొడితే మళ్ళీ వస్తుంది." పనిచేయని రోజు లాగ్‌లో క్యూఎము (గెస్ట్‌ని నడిపే ప్రోగ్రాము) రాసింది స్పష్టంగానే ఉంది: గ్రూపు వాడుకోవటానికి వీల్లేదు, అందులోని పరికరాలన్నీ వీఎఫ్‌ఐఓ డ్రైవరుకే బైండ్ అయ్యాయో లేదో చూసుకోమని. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండుతో ఏ పరికరం ఏ డ్రైవరు దగ్గర ఉందో అడిగితే, మూడు వీఎఫ్‌ఐఓ దగ్గర, యూఎస్‌బీ ఫంక్షను ఒక్కటి ఎక్స్‌హెచ్‌సీఐ దగ్గర కనిపించాయి. పనిచేసిన రోజు చూస్తే నాలుగూ వీఎఫ్‌ఐఓ దగ్గరే.

రోజుకో రకంగా ఎందుకు మారుతుంది? కార్డు నాలుగు ఫంక్షన్ల ఐడీలూ వీఎఫ్‌ఐఓ మాడ్యూల్‌కి ఇచ్చే ఉన్నాయి. కానీ నూవోకి ముందు వీఎఫ్‌ఐఓ ఎక్కాలన్న నియమం తప్ప వేరేదీ లేదు. బూట్ తొలిదశలో యూడెవ్ హార్డ్‌వేర్‌ని పరికించి, కావలసిన డ్రైవర్లన్నిటినీ సమాంతరంగా ఎక్కిస్తుంది. ఒక వర్కరు నూవోని పిలుస్తాడు, దానితో వీఎఫ్‌ఐఓ వస్తుంది. అదే క్షణంలో ఇంకో వర్కరు కీబోర్డు కోసం ఎక్స్‌హెచ్‌సీఐని పిలుస్తాడు. ఎవరు ముందొస్తే వాళ్ళది ఆ యూఎస్‌బీ ఫంక్షను. పరుగుపందెం రోజుకొకరు గెలుస్తున్నారు.

వీఎఫ్‌ఐఓ పేరుని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ తొలిదశలో వాడే చిన్న ఫైల్ సిస్టం) మాడ్యూళ్ళ జాబితాలో చేర్చమని చాలాచోట్ల సలహా కనిపిస్తుంది. డెబియన్‌లో అదొక్కటే చాలదు. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లోపలి క్రమం చూస్తే కారణం తెలుస్తుంది: యూడెవ్ మొదలయ్యేది మొట్టమొదటి అంచెలో, ఆ జాబితాలోని మాడ్యూళ్ళు ఎక్కేది దాని తర్వాత. అప్పటికే ఎక్స్‌హెచ్‌సీఐ వచ్చేసి ఉండొచ్చు. ఖాయమైన మందు సాఫ్ట్‌డెప్, అంటే ఏ డ్రైవరుకి ముందు ఏది ఎక్కాలో చెప్పే నియమం. డ్రైవర్లని ఎక్కించే మోడ్‌ప్రోబ్ సెట్టింగుల్లో ఒక చిన్న ఫైలు పెట్టి, నూవో, ఆడియో, ఎక్స్‌హెచ్‌సీఐ, ఐ2సీ డ్రైవర్లు నాలుగింటిలో ఏది ఎక్కబోయినా దానికి ముందు వీఎఫ్‌ఐఓ ఎక్కాలని రాశాను. ఐడీలు ముందే తెలుసు కాబట్టి వీఎఫ్‌ఐఓ వస్తూనే కార్డు మొత్తాన్ని పట్టుకుంటుంది. తర్వాత వచ్చే ఎక్స్‌హెచ్‌సీఐకి మదర్‌బోర్డు మీది కంట్రోలర్లే మిగులుతాయి, హోస్ట్ కీబోర్డు ఎప్పటిలాగే పనిచేస్తుంది. ఆ ఫైలు మార్చాక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని మళ్ళీ తయారు చేయాలి. లేకపోతే బూట్ పాత ఫైలుతోనే నడుస్తుంది, మనం రాసింది దానికి తెలియదు.

దాంతోపాటు గెస్ట్ నిర్వచనంలో నాలుగు ఫంక్షన్లూ చేర్చాను. రోజువారీ కాపలాకి, బూట్‌ని నడిపించే సిస్టమ్‌డీలో ఒక చిన్న సర్వీసు పెట్టాను. బూట్ అయ్యాక నాలుగింటికీ డ్రైవరు వీఎఫ్‌ఐఓనే అని చూసి, అప్పుడే ఎడిటింగ్ గెస్ట్‌ని లేపుతుంది. తేడా ఉంటే ఏ ఫంక్షను ఎవరి దగ్గర ఉందో హోస్ట్ తెర మీద చూపించి ఆగిపోతుంది. ఫోన్లో ఆ ఒక్క లైను చదివించుకుంటే సగం రోగ నిర్ధారణ అయిపోతుంది.

తెర ఆగింది, మెషీను ఆగలేదు

కొన్ని నెలలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. తర్వాత ఒకరోజు డీటీపీ ఆపరేటరు దగ్గర్నుంచి ఫోను: "సార్, సిస్టం మధ్యలో హ్యాంగ్ అయిపోయింది. అక్షరాలు ఎడిటింగ్ మానిటర్‌లో వచ్చి ఆగిపోయాయి." అందులో రెండో వాక్యమే కీలకం. హోస్ట్ బూట్ అక్షరాలు ఎడిటింగ్ మానిటర్‌లో రాకూడదు, అది ఎన్‌విడియా కార్డుది.

ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ ద్వారా) లోపలికి వెళ్తే హోస్ట్ నిక్షేపంలా ఉంది. జరిగింది ఇది: మదర్‌బోర్డు బ్యాటరీ బలహీనపడి, షాపులో కరెంటు పూర్తిగా తీసేసిన రాత్రి బయాస్ సెట్టింగులు మొదటికి వచ్చాయి. "ముందు ఏ గ్రాఫిక్స్ వాడాలి" అన్నది మళ్ళీ ఆటోకి మారింది. ఆటో అంటే చాలా బోర్డుల్లో విడి కార్డే. ఫర్మ్‌వేర్ ఎన్‌విడియా కార్డుని లేపి, దాని మీద ఫ్రేమ్‌బఫర్ (తెర మీది బొమ్మ ఉండే మెమరీ) పెట్టి కెర్నెల్‌కి అందించింది. తర్వాత వీఎఫ్‌ఐఓ వచ్చి కార్డుని తీసుకుంది, దాంతో ఆ తెర మీది చివరి అక్షరాలు అలాగే గడ్డకట్టి ఉండిపోయాయి.

పాత కెర్నెళ్ళలో ఇదే పరిస్థితి వస్తే ఆ ఫ్రేమ్‌బఫర్ కార్డు మెమరీని వదలక, మెమరీ ప్రాంతం దక్కలేదన్న ఎర్రర్‌తో గెస్ట్ ఆగిపోయేది. 6.0 నుంచి వీఎఫ్‌ఐఓనే ముందున్న కన్సోల్ డ్రైవర్లని పక్కకి తప్పిస్తుంది. పాత వ్యాసాలు చూసి ఈఎఫ్‌ఐ ఫ్రేమ్‌బఫర్‌ని ఆపే పారామీటరు పెట్టనక్కర్లేదు. అయినా పూర్తిగా తప్పించుకున్నట్టు కాదు. ఫర్మ్‌వేర్ ఒకసారి నడిపిన కార్డు రోమ్‌ని (ROM, కార్డుని లేపే ప్రోగ్రాము ఉండే చిప్) గెస్ట్ చదివితే అది అసలు రూపంలో ఉండకపోవచ్చు, గెస్ట్ తెర నల్లగా ఉండిపోవచ్చు. ఆ రోజు జరిగిందీ అదే. రోమ్ ఫైలుని విడిగా తెచ్చి గెస్ట్‌కి ఇచ్చే చిట్కా ఉంది, దాని జోలికి వెళ్ళలేదు. మొదటే ఆ కార్డుని ఎవరూ ముట్టుకోకుండా చూడటమే సరైన మరమ్మతు.

బ్యాటరీ మార్చి, సెట్టింగులు తిరిగి పెట్టాం. వర్చువలైజేషన్, వీటీ-డీ ఆన్. మొదటి తెర ఇంటెల్ గ్రాఫిక్స్. విడి కార్డు ఉన్నప్పుడు కూడా ఇంటెల్ గ్రాఫిక్స్ ఆగిపోకుండా మల్టీ మానిటర్ ఆప్షను ఆన్. పాత తరహా బూట్ పద్ధతి సీఎస్‌ఎం ఆఫ్. ఈ నాలుగు లైన్లూ కాగితం మీద ప్రింట్ చేయించి క్యాబినెట్ లోపలి తలుపుకి అంటించాం. బయాస్ సెట్టింగులు ఏ బ్యాకప్‌లోనూ ఉండవు, కానీ ఈ రకం హోస్ట్‌లో అవీ కాన్ఫిగరేషన్‌లో భాగమే.

మెమరీ, కోర్లు, కీబోర్డు

మామూలు గెస్టులకి మెమరీని కాస్త ఉదారంగా రాసిపెట్టవచ్చు, అవసరాన్ని బట్టి హోస్ట్ సర్దుకుంటుంది. పీసీఐ కార్డు అప్పగించిన గెస్ట్‌కి అది చెల్లదు. కార్డు ఏ మెమరీ పేజీలో ఎప్పుడు రాస్తుందో తెలియదు కాబట్టి గెస్ట్ మెమరీ మొత్తం మొదట్లోనే పిన్ అయిపోతుంది, అంటే కదలకుండా దానికే కట్టేసి ఉంటుంది. బెలూనింగ్ (గెస్ట్ నుంచి మెమరీ వెనక్కి తీసుకోవటం) లేదు, స్వాప్ (డిస్కులోకి మార్చటం) లేదు. అందుకని లెక్క ముందే ఖాయం చేశాను: ఎడిటింగ్‌కి 32 జీబీ, విండోస్ 7కి 4, మిగిలింది హోస్ట్‌కి. ఆ 32నీ బూట్ సమయంలోనే 1 జీబీ హ్యూజ్ పేజీలుగా పక్కన పెట్టించాను. మెషీను కాసేపు నడిచాక మెమరీ ముక్కలైపోతుంది, అంత పెద్ద పేజీలు అప్పుడు అడిగితే దొరకవు.

కోర్లలో 6 ఎడిటింగ్‌కి, 2 హోస్ట్‌కీ విండోస్ 7కీ కలిపి. ఈ ప్రాసెసర్‌లో 2వ థ్రెడ్‌కి జంట 10వది, 3కి 11. కోర్లని గెస్ట్‌కి పిన్ చేసేటప్పుడు జంటలని విడదీయకూడదు. 6 కోర్లు, కోరుకి 2 థ్రెడ్లు అని గెస్ట్‌కి కూడా చెప్పాలి. లేదంటే విండోస్ పన్నెండింటినీ విడి కోర్లనుకుని పనిని పంచుతుంది. క్యూఎము సొంత పనులని హోస్ట్ కోర్లకే కట్టేశాను. డీటీపీ పక్కన నడుస్తుండగా టైమ్‌లైన్ జరిపితే తెర తడబడటం దాంతో పోయింది.

కీబోర్డు, మౌసు చిన్న విషయమే అనిపిస్తాయి. రెండు సీట్లకీ ఒకే మోడల్ కీబోర్డు కొన్నారు. గెస్టులని నిర్వహించే లిబ్‌వర్ట్‌కి మోడల్ ఐడీతో చెబితే ఏ కీబోర్డో దానికి తెలియదు, బస్‌లోని పరికర నంబరుతో చెబితే అది తీసి పెట్టినప్పుడల్లా మారిపోతుంది. ఒక చిన్న యూఎస్‌బీ పీసీఐ కార్డు కొని, దాని ఐఓఎంఎంయూ గ్రూపు విడిగా ఉందని చూసుకుని, కార్డునే ఎడిటింగ్ గెస్ట్‌కి ఇచ్చేశాం. ఇప్పుడు కెమెరా కార్డు రీడరైనా, కస్టమరు తెచ్చిన పెన్‌డ్రైవైనా ఆ పోర్టుల్లో పెడితే నేరుగా విండోస్‌లోకే వెళ్తుంది. ఖర్చు స్వల్పం, సుఖం ఎక్కువ. రెండు సీట్ల మెషీను ఎవరు కట్టుకున్నా మొదటి రోజే ఇది కొనమంటాను.

విండోస్‌లో ఎన్‌విడియా డ్రైవరు మామూలుగానే ఎక్కింది. వర్చువల్ మెషీన్ అని పసిగట్టి కోడ్ 43 ఎర్రర్‌తో ఆగిపోయే రోజులు ఒకప్పుడు ఉండేవి. 2021లో 465 సిరీస్ నుంచి జీఫోర్స్ కార్డుల పాస్‌త్రూని (గెస్ట్‌కి అప్పగించటాన్ని) ఎన్‌విడియానే అనుమతించింది. హైపర్‌వైజర్‌ని (వర్చువల్ మెషీన్లని నడిపే సాఫ్ట్‌వేర్‌ని) దాచే పాత చిట్కాలు ఇంకా చాలా గైడ్లలో ఉన్నాయి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వాటిని కాపీ చేయొద్దు.

పేజ్‌మేకర్ కొత్త ఇంటికి

శబ్దం చేస్తున్న డిస్కుని బూట్ చేయకుండా డీడీరెస్క్యూతో ఇమేజ్ తీశాం. అది ముందు మంచి భాగాలన్నీ లాగేసి, పాడైనవాటి దగ్గరికి చివర్లో వస్తుంది. మధ్యలో ఆగినా మ్యాప్ ఫైలు చూసుకుని అక్కడి నుంచే కొనసాగిస్తుంది. చావుబతుకుల్లో ఉన్న డిస్కుకి అదే కావాలి. ఇమేజ్‌ని క్యూకౌ2 (వర్చువల్ డిస్కు ఫైలు) రూపంలోకి మార్చి గెస్ట్‌కి తగిలించాం.

విండోస్ 7 కొత్త డిస్క్ కంట్రోలరు చూస్తే 7బీ నీలి తెరతో ఆగిపోతుంది, బూట్‌కి కావలసిన డ్రైవరు అందులో సిద్ధంగా ఉండదు. అందుకని పాత తరహా ఐ440ఎఫ్ఎక్స్ మెషీను, ఐడీఈ డిస్కుతో మొదట లేపాం. లేచాక ఒక చిన్న ఖాళీ వర్ట్‌ఐఓ (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన పద్ధతి) డిస్కుని జోడించి, విండోస్ 7కి పనిచేసే పాత విడుదల నుంచి డ్రైవరు వేసి, ఆ తర్వాతే అసలు డిస్కుని వర్ట్‌ఐఓకి మార్చాం. లైసెన్సు రిటైల్‌ది కాబట్టి కొత్త హార్డ్‌వేర్‌కి మార్చుకోవటానికి వీలైంది. షాపులో "లాక్" అని పిలిచే యూఎస్‌బీ డాంగిల్ ఒకటి ఉంది, అలాంటిది ఇంకోటి లేదు కాబట్టి దాన్ని ఐడీతోనే గెస్ట్‌కి ఇచ్చాం.

ఈ విండోస్ 7 గెస్ట్‌కి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. క్యూఎక్స్‌ఎల్ వర్చువల్ వీడియో, ఆ తెరని హోస్ట్‌లో చూపించే స్పైస్, లోపల గెస్ట్ టూల్స్ చాలు. పేజ్‌మేకర్‌లో పేజీ జరగటం, జూమ్ చేయటం పాత పీసీ కన్నా వేగంగానే ఉన్నాయి. ఆ తెర గీసేది హోస్ట్‌లో ఇంటెల్ ఐ915 డ్రైవరు, గ్రాఫిక్స్ లైబ్రరీ మెసా. రెండూ డెబియన్ ప్యాకేజీలతోనే వస్తాయి, విడిగా ఏదీ కంపైల్ చేయలేదు.

నెట్‌వర్క్ విషయంలో లిబ్‌వర్ట్ ఐసొలేటెడ్ నెట్‌వర్క్ పెట్టాం. ఈ గెస్ట్‌కి హోస్ట్ మీది సాంబా ఫోల్డరు (నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డరు) తప్ప బయటి ప్రపంచం కనిపించదు. విండోస్ 7 ఫైళ్ళు పంచుకునే ఎస్‌ఎంబీ ప్రోటోకాల్‌లో 2.1 వెర్షన్ మాట్లాడుతుంది కాబట్టి సాంబాలో ఏ రక్షణా తగ్గించనక్కర్లేకపోయింది. అదే ఎక్స్‌పీ అయితే ఎస్‌ఎంబీ 1 తెరవాల్సి వచ్చేది. 2019లో 4.11 నుంచి సాంబా దాన్ని డిఫాల్ట్‌గా మూసేసింది, తెరవకపోవటమే మంచిది.

హోస్ట్‌లో ఎన్‌విడియా డ్రైవరు ఎందుకు లేదు

యజమాని బంధువొకాయన, కంప్యూటర్లు తెలిసినవారే, అడిగారు: "ఎన్‌విడియా డ్రైవరు హోస్ట్‌లో కూడా వేసి ఉంచితే ఎప్పుడైనా పనికొస్తుంది కదండీ?" పనికిరాకపోగా మరో యజమానిని ఇంట్లోకి పిలిచినట్టవుతుంది. ఆ డ్రైవరు కెర్నెల్ బయట తయారయ్యేది. కెర్నెల్ మారినప్పుడల్లా డీకేఎంఎస్ అనే టూలు దాన్ని కొత్తగా బిల్డ్ చేయాలి. 2024 ఫిబ్రవరి 10న డెబియన్ 12.5 వచ్చినప్పుడు దానితో వచ్చిన 6.1.76 కెర్నెల్ మీద అప్పటి 525.147.05 మాడ్యూల్ బిల్డ్ కాలేదు. కెర్నెల్ లోపలి ఒక మార్పు వల్ల, జీపీఎల్ (ఓపెన్ సోర్స్ లైసెన్సు) మాడ్యూళ్ళకే అనుమతి ఉన్న ఆర్‌సీయూ తాలూకు కెర్నెల్ ఫంక్షను దానికి అవసరమైంది. సరిచేసిన ప్యాకేజీ తర్వాత వచ్చింది. ఈ షాపు హోస్ట్‌లో ఆ ప్యాకేజీయే లేదు కాబట్టి ఆ వారం ఇక్కడ ఎవరికీ తేడా తెలియలేదు. ఎన్‌విడియా డ్రైవరు విండోస్ గెస్ట్‌లో ఉంది, అక్కడ దాన్ని ఎప్పుడు మార్చాలన్నది ఎడిటరు ఇష్టం. హోస్ట్ కెర్నెల్‌ని ఎప్పుడు మార్చాలన్నది నా ఇష్టం. ఇద్దరం ఒకరి దారికి ఒకరం అడ్డం రాం. ఈ రెండు సీట్ల ఏర్పాటులో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అదే.

కరెంటు పోయినప్పటి సంగతి కూడా చెప్పాలి. యూపీఎస్ యూఎస్‌బీతో హోస్ట్‌కి కలిపి ఉంది, ఎన్‌యూటీ అనే ప్రోగ్రాము దాన్ని గమనిస్తుంది. బ్యాటరీ అడుగంటితే గెస్టులని సస్పెండ్ చేసి దాచుకుంటే బాగుండేది, కానీ పీసీఐ కార్డు పట్టుకున్న గెస్ట్ స్థితిని డిస్కులోకి దాచటం కుదరదు, కార్డు లోపలి స్థితిని తీసే దారి లేదు. అందుకని షట్‌డౌనే. విండోస్ అప్‌డేట్లు పెట్టుకుని నిదానంగా ఆగే రోజులని కూడా లెక్కలో వేసుకుని, బ్యాటరీ ఇంకా గణనీయంగా ఉండగానే షట్‌డౌన్ మొదలయ్యేలా హద్దు పెట్టాను. బ్యాకప్ కూడా అదే కారణంగా రాత్రి, గెస్టులు ఆగాక.

మిగిలిన పని ఒకటి ఉంది. ఎడిటింగ్ గెస్ట్ విండోస్ 10, దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) అడుగుతుంది. దాన్ని హోస్ట్‌లో ఎస్‌డబ్ల్యూటీపీఎం సాఫ్ట్‌వేర్‌గానే అందిస్తుంది, గెస్ట్ ఫర్మ్‌వేర్ ఓవీఎంఎఫ్‌లో సెక్యూర్ బూట్ ఉన్న రకం కూడా డెబియన్‌లో ఉంది. గెస్ట్ డిస్కు ప్రతి మీద ప్రయోగం సాగుతోంది. పెళ్ళిళ్ళ సీజను ముగియగానే, ఎడిటరు చేతిలో ఆర్డర్లు లేని రోజు చూసుకుని అసలు దాన్ని మారుస్తాం.